"దినదినమును చనిపోవుచున్నాను": ఈస్టరు ప్రసంగం మీద ఒక సందేహం

అరండల్‌పేట నివాసి
ఈ ఏడాది కూడా ఈస్టరు తెల్లవారుజామున మా సంఘమంతా సమాధుల తోటలో కూడుకుంది. కీర్తనలు, ప్రార్థన అయిన తరువాత వాక్యం చెప్పిన అయ్యగారు, అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలోని 1 కొరింథీ 15:31 తీసుకుని, "నేను దినదినమును చనిపోవుచున్నాను" అన్న ఒక్క మాట మీదే ప్రసంగమంతా నడిపారు. మన కోపం, మోహం, ధనాపేక్ష ప్రతి ఉదయం చావాలని, అలా చావనివారు కడబూర మోగి మృతులు తిరిగి లేచే రోజున లేవరని ఆయన గట్టిగా చెప్పారు.

మా నాన్నగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మంచి మనిషే గానీ కోపం మాత్రం ఆఖరి వరకూ ఆయనను వదలలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా సెలైను సూది సరిగా గుచ్చలేదని అక్కడి కుర్రాడి మీద కేకలు వేశారు. ఆటోలో ఇంటికి వస్తుండగా మా అమ్మ, "మీ నాన్న కోపం చావలేదు కదరా, మరి ఆయన లేస్తారా?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ వచనానికి అయ్యగారు చెప్పిన అర్థం సరైనదేనా? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

పాతకీర్తన
ముందు ఆ వచనానికి అటూ ఇటూ ఉన్న వచనాలు చదవండి. 30వ వచనంలో పౌలు "మేము గడియ గడియకు ప్రాణభయముతో నుండనేల?" అని అడుగుతాడు. 32లో ఎఫెసులో మృగములతో పోరాడిన సంగతి ఎత్తుతాడు. నడుమ ఉన్న 31వ వచనం పాపపు కోరికల గురించి ఎలా అవుతుంది? సువార్త నిమిత్తం తన ప్రాణం ఏ రోజుకా రోజు ప్రమాదంలో ఉందని ఆయన చెబుతున్నాడు. ఆ పత్రిక, అంటే ఆ ఉత్తరం, ఎఫెసు నుంచే రాశాడని 16వ అధ్యాయం చెబుతోంది. అదే పట్టణంలో వెండి పని చేసే దేమేత్రియు రేపిన అల్లరి ఎంత పెద్దదో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. మృతులు లేవరంటే ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం వట్టి వెర్రితనం కాదా అన్నదే అక్కడ ఆయన వాదం. కోపం చంపుకోవడం గురించి ఆ వచనంలో ఒక్క ముక్క కూడా లేదు.

కాపరి బిడ్డ
పాతకీర్తన గారి వివరణ సరైనదే కావచ్చు, కానీ దాన్ని బట్టి ప్రసంగమే తప్పని తేల్చేస్తే ఒప్పుకోలేను. ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెనని లూకా 9:23లో ప్రభువే చెప్పాడు. ఆత్మచేత శారీర క్రియలను చంపినయెడల జీవించెదరని రోమా 8:13లో ఉంది. భూమిమీదనున్న మీ అవయవములను చంపివేయుడి అని కొలొస్సయి 3:5లో ఉంది. మా నాన్నగారు సేవలో ఉండగా ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో ప్రతి శుక్రవారం ఈ వాక్యాలే చెప్పేవారు. అనుదినం చావడం అన్న బోధ బైబిలంతా పరుచుకుని ఉంది. ప్రసంగీకుడు ఏ వచనం దగ్గర మొదలుపెట్టాడన్నది అంత పెద్ద విషయమా?

బెంజిసర్కిల్ తోమా
అంటే చిరునామా తప్పు రాసినా ఉత్తరం సరైన ఇంటికే చేరిందంటారు. తపాలావారికి ఇంత విశ్వాసం ఉంటే ఎంత బాగుండేది.

పాతకీర్తన
తోమా గారు నవ్వించారు గానీ, ఇక్కడ ఉత్తరం ఒక విధవరాలి చేతిలో పడింది. పొరపాటు బోధకు ఎవరో ఒకరు ఇలాగే ఏడవవలసి వస్తుంది. ఇంకొక సంగతి కూడా గమనించండి. "లేవరు" అన్న మాటే వాక్యానికి సరిపడదు. సమాధులలో ఉన్నవారందరూ ప్రభువు శబ్దము విని బయటికి వస్తారనీ, కొందరు జీవ పునరుత్థానమునకు, కొందరు తీర్పు పునరుత్థానమునకు వస్తారనీ యోహాను 5లో స్పష్టంగా ఉంది. లేవని మనిషంటూ ఎవడూ ఉండడు.

లూథరన్ మనవడు
మా తాతగారు గుంటూరులో కన్ఫర్మేషను తరగతి చెప్పేవారు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి ఇక్కడి లూథరన్ పిల్లలు కంఠస్థం చేస్తూ వచ్చిన చిన్న ప్రశ్నోత్తరి ఒకటి ఉంది. లూథరు 1529లో రాసినది. అందులో బాప్తిస్మం గురించిన భాగంలో, నీళ్లతో ఇచ్చే ఈ బాప్తిస్మానికి అర్థమేమిటని ఒక ప్రశ్న వస్తుంది. మనలో ఉన్న పాత ఆదాము, అంటే మన పాప స్వభావం, అనుదిన పశ్చాత్తాపం చేత తన పాపాలతో, దురాశలతో సహా మునిగి చావాలనీ, అనుదినం కొత్త మనిషి లేచి రావాలనీ దానికి జవాబు. ఆ జవాబుకు ఆధారంగా ఆయన చూపించినది రోమా 6:4. 1 కొరింథీ 15:31 జోలికే పోలేదు.

కాబట్టి కాపరి బిడ్డ గారు చెప్పిన బోధ మాకు కొత్తది కాదు. అయితే అందులో వరుస ముఖ్యం. బాప్తిస్మంలో క్రీస్తుతో కూడ చనిపోవడం, లేవడం ముందే జరిగిపోయింది. రోజువారీ చావు దాని వెనక వచ్చేది. ఆ అయ్యగారు వరుస తిరగేసి, రోజూ చస్తేనే చివర లేస్తావన్నారు. మా తాతగారైతే అలా జవాబు చెప్పిన కుర్రవాణ్ణి మళ్లీ మొదటి బెంచీకి పంపేవారు.

గుణదల యాత్రికుడు
లూథరన్ మనవడు గారు నొచ్చుకోకపోతే కతోలికుల వైపు నుంచి ఒక మాట చెబుతాను. ఈ వచనాన్ని ఆశల మీదికి తిప్పి చెప్పడం నిన్నమొన్నటి అలవాటు కాదు. ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసిన పునీత అంతోని తన శిష్యులకు ఇదే వచనం చెప్పి బుద్ధి నేర్పాడని నాలుగో శతాబ్దంలో ఆయన జీవితం రాసిన అతనాసియుసు తెలిపారు. ఉదయం లేచినప్పుడు సాయంత్రం దాకా ఉండమనుకోవాలి, పడుకునేటప్పుడు మళ్లీ లేవమనుకోవాలి, అలా బతికేవాడు పాపం చేయడు, దేనినీ ఆశించడు, ఎవరి మీదా కోపం పెట్టుకోడు అన్నది ఆయన బోధ. అంటే చావు నిజంగా దగ్గరలో ఉందన్న ఎరుక నుంచే ఆశ నీరుగారిపోతుంది. ఈ అర్థంలో పాతకీర్తన గారి ప్రాణభయానికీ అయ్యగారి ప్రసంగానికీ నడుమ ఒక దారి ఉందేమో చూడండి.

ఈస్టరు ముందు రాత్రి జాగరణ పూజలో మేము కొవ్వొత్తులు పట్టుకుని బాప్తిస్మ వాగ్దానాలను మళ్లీ చేస్తాం. సాతానును, వాడి క్రియలను విసర్జిస్తున్నారా అని గురువుగారు అడుగుతారు, విసర్జిస్తున్నామని అందరం బదులిస్తాం. మీరు చెప్పిన వరుసే మా దగ్గరా ఉంది.

బెంజిసర్కిల్ తోమా
విసర్జించిన వాటిని సోమవారం పొద్దున్నే మళ్లీ ఇంటికి తెచ్చుకుంటాం కదా, అదీ అందరి దగ్గరా ఉంది. పరిహాసానికి అనడం లేదు. నెలనెలా ప్రభు బల్లకు ముందు అదే ఒప్పుకోలు, అవే పాపాలు. నా కోపం ఎన్నడూ చావలేదు. మహా అయితే ఒక కునుకు తీస్తుంది. దినదినము చావడం అంటే దినదినము చావకపోవడం అన్నట్టుంది నా పరిస్థితి.

విశ్రాంత ఉపాధ్యాయిని
అసలు ప్రశ్న ఆ తల్లిది. దాన్ని పక్కన పెట్టి మనం చాలా దూరం వచ్చేశాం.

బాబూ అరండల్‌పేట నివాసీ, మీ అమ్మగారికి కొరింథీయులు ఎలాంటివారో ముందు చెప్పండి. పునరుత్థానం గురించి బైబిలులో ఇంత పొడుగైన అధ్యాయం ఎవరికి రాయబడిందనుకున్నారు? నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని కక్షలు కట్టినవారికి. విశ్వాసి మీద విశ్వాసి అన్యుల న్యాయస్థానంలో వ్యాజ్యం వేసిన సంఘానికి, అది ఆరో అధ్యాయంలో ఉంది. ప్రభు రాత్రి భోజనానికి వచ్చి ఒకడు ఆకలితో ఉండగా ఇంకొకడు తాగి మత్తుడైన సంఘానికి, అది పదకొండులో ఉంది. ఐదో అధ్యాయంలో ఉన్నది ఇక్కడ రాయడానికే సిగ్గు. ఇన్ని జరిగిన సంఘానికి పౌలు "మనమందరము మార్పు పొందుదుము" అని రాశాడు. ముందు మీరు మారి చూపండి, తరువాత లేస్తారో లేదో చెబుతాను అనలేదు. అలాగని ఆ పాపాలను చూసీ చూడనట్టు వదిలేయనూ లేదు. పదిహేనో అధ్యాయానికి వచ్చేలోగా ఒక్కొక్కదానికీ చీవాట్లు పెట్టాడు.

ఆయన ఆధారమంతా 20వ వచనం మీద ఉంది: "నిద్రించినవారిలో ప్రథమఫలముగా క్రీస్తు మృతులలోనుండి లేపబడియున్నాడు." మొదటి పంట చేతికి వచ్చింది గనుక మిగిలిన పంట వస్తుంది. మీ నాన్నగారు విశ్వాసంతో ప్రభువులో నిద్రించి ఉంటే, ఆయన లేవడానికి కారణం క్రీస్తు లేవడమే. ఆయన కోపం ఎంత తగ్గింది, ఎంత మిగిలింది అన్న లెక్క ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఆ మిగిలిన కోపం కూడా ఏమవుతుందో 42, 43 వచనాల్లో చూడండి. క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడుతుంది, బలహీనమైనదిగా విత్తబడి బలమైనదిగా లేపబడుతుంది. ఆసుపత్రి మంచం మీద కేకలు వేసిన ఆ బలహీనత సమాధిలోనే ఉండిపోతుంది, మనిషి మాత్రం లేస్తాడు.

అరండల్‌పేట నివాసి
మీరు రాసినది అమ్మకు చదివి వినిపించాను. కొరింథు సంఘంలో తాగుబోతులు కూడా ఉన్నారని విని ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "అయితే మన సంఘం నయమే" అంది. నాకు మాత్రం ఇంకొక సందేహం మొదలైంది. లేవడానికి కోపం చావడం షరతు కానప్పుడు దాన్ని చంపుకోవడం ఎందుకు? అయ్యగారి భయం కూడా ఇదేనేమో.

పాతకీర్తన
దీనికి జవాబు అదే పేజీలో ఉంది, మనం 31 దగ్గరే ఆగిపోయి చూడలేదు. మృతులు లేపబడనియెడల రేపు చనిపోదుము గనుక తిందము త్రాగుదము అని 32లో ఉంది. అది యెషయా 22:13లో యెరూషలేమువారు అన్న మాట. దాని వెంటనే 33లో దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును అని గ్రీకు నాటకకర్త మెనాండరు పేరున చెలామణి అయిన సామెతను వాడుతాడు. 34లో "మేల్కొని, పాపము చేయకుడి" అంటాడు. అంటే పౌలు పునరుత్థానం నుంచి పాపం దాకా వచ్చాడు, కానీ ఆయన వచ్చిన దారి వేరు. రేపు లేదనుకున్నవాడికి ఈ రోజు తినడం, తాగడం తప్ప ఇంకేం మిగలదు. రేపు ఉందని తెలిసినవాడు ఈ రోజు ఆశను వదులుకోగలడు. లేస్తామన్న నిరీక్షణే ముందు, ఆశ చావడం దాని వెంట. అయ్యగారు 31 బదులు 34 మీద చెప్పి ఉంటే నేనే ఆమేన్ అనేవాణ్ణి.

కాపరి బిడ్డ
మొదట నేను చెప్పినదీ దాదాపు ఇదే కదా.

పాతకీర్తన
దాదాపు.

మిర్చియార్డు గుమాస్తా
పెద్దలు వచనాలు చెబుతున్న చోట నేను నా రోజువారీ సంగతి చెప్పడం తగునో లేదో తెలియదు గానీ, ఎందుకు చంపుకోవాలన్న ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నేను గుంటూరు యార్డులో ఒక కమీషను కొట్టులో లెక్కలు రాస్తాను. సీజనులో పల్నాడు వైపు నుంచి రైతులు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, టిక్కీల (మిరప బస్తాల) పక్కనే తువ్వాలు ముఖం మీద కప్పుకుని పడుకుంటారు. బేరం చూడటానికి వచ్చినవారు టిక్కీలోంచి గుప్పెడు కాయలు మచ్చుకు లాగుతారు. అది ఆనవాయితీయే. ఆ మచ్చు కాయలన్నీ సాయంత్రానికి ఒక మూల గుట్టగా పడి ఉంటాయి. అవి రైతుకు తిరిగి పోవు. గుమాస్తాలు, హమాలీలు తలా కొంచెం సంచిలో వేసుకుపోతారు. మా ఇంట్లో పచ్చడికి, కారానికి ఏళ్ల తరబడి మిరపకాయలు కొన్న జ్ఞాపకం లేదు. అది దొంగతనమని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోలేదు. తూకం దగ్గర తరుగు సంగతి ఇంకొకటి. తేమ ఉందని, తాలు కాయ ఉందని కొంత తీసేస్తారు. ఎంత తీయాలన్నది చీటీ రాసేవాడి చేతిలోనూ కొంత ఉంటుంది. యజమాని నోటితో చెప్పడు, కళ్లజోడు పైనుంచి ఒకసారి చూస్తాడు, అంతే.

బాప్తిస్మం పొందిన తరువాత మచ్చు కాయలు తెచ్చుకోవడం మానేశాను. తోటివాళ్లు నన్ను "పాస్టరు గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. మా ఇంటావిడ మాత్రం కిలో ధర అడిగి తెలుసుకుని ఒక పూటంతా మాట్లాడలేదు. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఇదే: ఆ ఆశ చావలేదు. ఆ గుట్ట దగ్గరకు వెళ్లినప్పుడల్లా చెయ్యి దానంతట అది సంచి వెతుక్కుంటుంది. అక్కడ నన్ను ఆపేది నరకం భయం అనుకోకండి. భయం మీద అయితే ఒక సీజను కూడా నిలబడేవాణ్ణి కాను. మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని అదే అధ్యాయం చివర 58లో ఉంది కదా. ఎవరూ చూడని, ఎవరూ మెచ్చుకోని, ఇంట్లోనే తిట్లు తెచ్చిపెట్టే ఆ చిన్న పని ఎక్కడో లెక్కలో ఉందన్న నమ్మకమే నన్ను నిలబెడుతోంది. లెక్కలు రాసేవాణ్ణి కదా, నాకు ఆ మాట బాగా పట్టింది.

బెంజిసర్కిల్ తోమా
ఇన్ని వచనాల తరువాత నాకు అర్థమైన మొదటి పోస్టు ఇదే. గుమాస్తా గారూ, మీ ఇంటావిడకు నా సానుభూతి తెలియజేయండి, మిరప ధర నాకూ తెలుసు.

నైట్ డ్యూటీ నర్సు
నాకు ఈ చర్చలో రెండు సంగతులు ఇబ్బందిగా ఉన్నాయి.

మొదటిది, మనం "చావు" అన్న మాటను చాలా తేలికగా వాడుతున్నాం. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో రాత్రిళ్లు పని చేస్తాను. తెల్లవారుజామున ఊపిరి అందక మంచం కడ్డీ పట్టుకున్న చెయ్యి నా కళ్లముందే వదులైపోతుంది. పది నిమిషాల తరువాత ఆ మనిషి కూతురికి నేనే చెప్పాలి. అలాంటి పూట డ్యూటీ దిగి వెళ్లి, కోపం తగ్గించుకోవడాన్ని చావు అని ప్రసంగంలో వింటే మనసు ఒప్పదు. కడపట నశింపజేయబడు శత్రువు మరణము అని ఇదే అధ్యాయంలో 26వ వచనం అంటోంది. పౌలు దాన్ని శత్రువు అన్నాడు, మనం మాత్రం ఉదాహరణ చేసేశాం. ఈస్టరు రోజున సమాధుల మధ్య నిలబడినప్పుడు చెప్పవలసిన మొదటి మాట ఈ శత్రువు ఓడిపోయాడనే. మన అలవాట్ల సంగతి తరువాత ఏ ఆదివారమైనా చెప్పుకోవచ్చు.

రెండవది ఇంకా బరువైనది. "నిన్ను నువ్వు చంపుకో" అన్న బోధ ఆడవాళ్ల చెవిన ఎలా పడుతుందో ఎవరైనా ఆలోచించారా? భర్త తాగి కొట్టిన దెబ్బలతో మా క్యాజువాల్టీకి వచ్చిన ఒక సోదరి, పోలీసులకు చెబుదామంటే వద్దంది. తన సంఘంలో పెద్దలు స్వార్థానికి చావమని, సిలువ మోయమని చెప్పారట. కుట్లు వేస్తున్నంతసేపూ ఆమె ఆ మాటే అంటూ ఉంది. అది ఆమె సిలువ కాదు, అతని పాపం. చావవలసినది అతనిలో ఉంది.

కాపరి బిడ్డ
సిస్టర్ గారూ, ఆ పెద్దలు చెప్పినది ఘోరం, అందులో సందేహం లేదు. అయితే తన్నుతాను ఉపేక్షించుకోవడం అన్న ఆజ్ఞను ఆ ఒక్క కారణంగా మెత్తబరచకూడదని మాత్రం అంటాను. దాన్ని దుర్వినియోగం చేసేవారు ఉంటారు, ఆజ్ఞ అయితే ప్రభువుది.

విశ్రాంత ఉపాధ్యాయిని
ఎవరూ మెత్తబరచడం లేదు నాయనా, సరిగ్గా గురిపెట్టమంటున్నాం. కొలొస్సయి 3:5లో చంపవలసినవాటి జాబితా మీరే చూపించారు: జారత్వము, అపవిత్రత, కామాతురత, దురాశ, ధనాపేక్ష. 8వ వచనంలో కోపము, ఆగ్రహము, దుష్టత్వము, దూషణ కూడా వదలమన్నాడు. ఒంటి మీద దెబ్బ పడకూడదని కోరుకోవడం ఆ జాబితాలో ఎక్కడుంది? పౌలు కూడా కొరడాలతో కొట్టబోయినప్పుడు తాను రోమీయుడనని, అంటే రోమా పౌరుడనని, శతాధిపతికి చెప్పి ఆ దెబ్బలు తప్పించుకున్నాడు; అది అపొస్తలుల కార్యములు 22లో ఉంది. దినదినము చనిపోతున్నానని రాసిన చెయ్యి ఆయనదే. దేహశిక్ష పైకి జ్ఞానంగా కనిపించినా ఆశలను అణచడంలో పనికిరాదని కొలొస్సయి రెండో అధ్యాయం చివరన కూడా చెప్పాడు. కొట్టేవాడి కోపాన్ని వదిలేసి, దెబ్బ తిన్నదానికి చావమని చెప్పేవాడు ఈ పత్రికను తిరగేసి చదివినవాడే.

లూథరన్ మనవడు
ఆ పెద్దలకు ఈ పోస్టు పంపవలసింది.

తోమా గారు చావని కోపం గురించి అడిగినదానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు గనుక నాకు తోచింది చెబుతాను. కొలొస్సయి 3లో "మీరు మృతిపొందితిరి" అని 3వ వచనంలో అంటాడు, "చంపివేయుడి" అని 5లో అంటాడు. జరిగిపోయిందంటూనే చేయమంటున్నాడు. రోమా 6లో పాపము విషయమై మృతులుగా ఎంచుకోమన్న పౌలు, 7 చివరికి వచ్చేసరికి "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అని కేక పెడతాడు. ఆ కేక విశ్వాసి అయిన తరువాత పెట్టిందా, ముందు స్థితిని తలచుకుని పెట్టిందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. మా పక్షం మొదటిదే. మా తాతగారైతే, పాత ఆదాముకు ఈత వచ్చు కాబట్టే రోజూ ముంచాలని చెప్పేవారు. కోపం ఇంకా ఉందన్నది నిరాశ పడవలసిన సంగతి కాదు. అది ఉన్నా నీకు బాధ లేకపోతే అప్పుడు ఆలోచించాలి.

బెంజిసర్కిల్ తోమా
బాధకు లోటు లేదు. నిన్న మా అబ్బాయి ఫోను విసిరేశాను. వాడిది కాదు, నాది. ఇప్పుడు గాజు పగిలిన తెర మీదే ఇది టైపు చేస్తున్నాను.

గుణదల యాత్రికుడు
అంతోని మార్గంలో ఫోను కూడా ఉండదు, ఆ సమస్య తీరిపోయినట్టే.

నైట్ డ్యూటీ నర్సు
ఉపాధ్యాయిని గారికి ధన్యవాదాలు. ఆ సోదరి మళ్లీ కట్టు మార్పించుకోవడానికి వస్తుంది, పౌలు రోమీయుడనని చెప్పుకున్న సంగతి ఆమెకు చదివి వినిపిస్తాను.

మిర్చియార్డు గుమాస్తా
నాకు కూడా ఒక సలహా కావాలి. మా కొట్టులో కొత్తగా ఒక కుర్రవాణ్ణి పెట్టారు, చీటీలు రాయడం నన్నే నేర్పమన్నారు. తరుగు ఎంత వేయాలో కూడా వాడు నన్నే అడుగుతాడు. నా ఆశను నేను చంపుకోవడం ఒక ఎత్తు, యజమాని ఆశను వాడికి నేర్పడం ఇంకొక ఎత్తు. ఉద్యోగం పోతే పిల్లల ఫీజులు ఆగిపోతాయి.

పాతకీర్తన
ఉన్న తూకం ఉన్నట్టు, అసలు తేమ ఎంత ఉంటే అంతే తరుగు రాయడం నేర్పండి. యజమాని అడిగితే అప్పుడు మాట్లాడవచ్చు. ముందే వెళ్లి ఆయనకు ప్రసంగం చెప్పనక్కరలేదు.

కాపరి బిడ్డ
అడిగిన రోజున మాత్రం దాచవద్దు. ప్రాణభయం అన్న 30వ వచనం మనవంటివారికి జీతం భయంగానే వస్తుంది. పాతకీర్తన గారు మొదట చెప్పిన అర్థం ఇక్కడ మీ విషయంలోనే నిజమవుతోంది. మంచి పని చేయడం వల్ల నష్టం వచ్చే చోట నిలబడటమే ఆ వచనం.

విశ్రాంత ఉపాధ్యాయిని
ఇది బాగా చెప్పారు. గుమాస్తా గారూ, ఉద్యోగం పోయే పరిస్థితే వస్తే ఇక్కడ రాయండి, గుంటూరులో లెక్కలు తెలిసిన నిజాయితీపరుడి కోసం వెతికేవారు మా సంఘంలోనే ఇద్దరు ఉన్నారు. వట్టి వచనం చెప్పి పంపించే పని నేను చేయను.

అరండల్‌పేట నివాసి
గురువారం బైబిలు స్టడీలో ఈ అధ్యాయం మొత్తం తీసుకోమని అయ్యగారిని అడుగుదామనుకుంటున్నాను. ఈస్టరు ప్రసంగం సంగతి అందరి ముందూ ఎత్తాలా, లేక ఇంటికి వెళ్లి చెప్పాలా?

పాతకీర్తన
ఇంటికి వెళ్లండి, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమనే మత్తయి 18:15లో ఉంది. అమ్మగారిని కూడా తీసుకువెళ్లండి, ఆమె అడిగిన ప్రశ్న ఆమె నోటినుంచే విననివ్వండి. 34వ వచనం గుర్తు పెట్టుకుని వెళితే మాట కలవడం కష్టం కాదు. 58 వచనాలనూ ఒక గురువారంలో ముగించాలని మాత్రం చూడకండి.

బెంజిసర్కిల్ తోమా
నేనూ వస్తాను. అయితే 29వ వచనం, మృతులకొరకై బాప్తిస్మము పొందువారి సంగతి వచ్చిన వారం మాత్రం నాకు జ్వరం వస్తుందని ముందే చెబుతున్నాను.